గుండె ఆపరేషన్ ఫ్రీనే, బీపీ మాత్రకే రెండు ఏర్లు దాటాలి

(రాజోలు దగ్గర మాజీ సైనికుల కుటుంబాల మీటింగులో ఒక రిటైర్డ్ సుబేదారు గారు మాట్లాడింది. ఫోన్ రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు టైప్ చేశాం.)

కూర్చోండి కూర్చోండి, వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు కూడా ముందుకి రండి, ఇక్కడ ఫాలిన్, పెరేడ్ లైను ఏం లేదు. మైకు వినబడుతోందా అండి అక్కడికి? ఆయ్, సరే.

వెటరన్స్ డే అని జనవరి 14న చేస్తారు కదా, 1953లో ఆ రోజున మన మొదటి భారతీయ ఆర్మీ చీఫ్ కరియప్ప గారు రిటైరయ్యారు కాబట్టి. అది ఢిల్లీ వాళ్ళకి బానే ఉంటుంది, మన దగ్గర ఆ రోజు భోగో సంక్రాంతో అవుతుంది, కొత్తల్లుళ్ళు దిగి ఉంటారు, ఆ వెంటనే జగ్గన్నతోట ప్రభలు, కొంతమంది పెద్దమనుషులకి బరి దగ్గర డ్యూటీ కూడా ఉంటుంది (నవ్వులు), ఆ రోజు మీటింగు పెడితే షామియానా వాడూ నేనూ తప్ప ఎవరూ ఉండరు. పండగ వెళ్ళాక పెట్టారు, మంచి పని చేశారు.

నేను డాక్టర్ని కాదండి, ముందే చెప్పేస్తున్నాను. ఆర్మీ మెడికల్ కోర్ లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి సుబేదారుగా బయటికొచ్చాను, తర్వాత కొన్నాళ్ళు ఈసీహెచ్ఎస్, అంటే మన మాజీ సైనికుల వైద్యం స్కీము, దాని ఓపీ క్లినిక్ ని పాలీక్లినిక్ అంటాం కదా, అలాంటి ఒకదాంట్లో కాంట్రాక్టు మీద చేశాను. కాబట్టి ఫలానా మాత్ర వేసుకోండి అని నేను చెప్పను, మీరూ అడగొద్దు. ఆ మాత్ర మీ చేతికి ఎంత టైములో వస్తోంది, రాకపోతే ఏమవుతోంది, ఇవాళ నేను మాట్లాడేది అదొక్కటే.

చేతులెత్తండి ఒకసారి, కార్డు మీద పేరెంట్ పాలీక్లినిక్, అంటే మీ పేరు నమోదైన క్లినిక్, కాకినాడ అని ఉన్నవాళ్ళు? రాజమండ్రి? సరే దించండి. ఇప్పుడు గత ఆరు నెలల్లో డాక్టరు దగ్గర బీపీ చూపించుకున్నవాళ్ళు ఎత్తండి. ఆర్ఎంపీ గారు చూసింది లెక్కలోకి రాదు. చూశారా, ఇందాకటి చేతులు సగం కూడా లేవట్లేదు. అమ్మా, మీరు ఆయన చెయ్యి పట్టుకుని ఎత్తకండి, ఆయన్నే ఎత్తనివ్వండి (నవ్వులు).

సర్వీసులో ఉన్నప్పుడు మనకి వైద్యం ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి. యూనిట్ లో ఎంఐ రూమ్ అని చిన్న వైద్యశాల ఉండేది, బ్యారక్ నుంచి నడిచి వెళ్ళే దూరం, పొద్దున్నే సిక్ రిపోర్ట్, పేరు రాయిస్తే ఆ పూటే డాక్టరు చూసేవాడు. జ్వరానికైనా నడుంనొప్పికైనా ఒకటే గోళీ ఇచ్చేవాడని మనం వెటకారం ఆడేవాళ్ళం అనుకోండి, కానీ చూసేవాడు కదండీ, ఆ రోజే చూసేవాడు. పైగా మనకి ఇష్టం లేకపోయినా ఏటా మెడికల్ ఉండేది, షేప్ వన్, అంటే పూర్తి ఫిట్, ఉందా లేదా అని, మనసు, చెవులు, కాళ్ళూ చేతులూ, ఒంట్లో శక్తి, కళ్ళు, అయిదూ చూసి కేటగిరీ వేసేవాళ్ళు. షేప్ పడిపోతే ప్రమోషన్ ఆగుతుందని భయపడి బరువు తగ్గినవాళ్ళు ఇక్కడే ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అంటే ఒంట్లో ఏదైనా తేడా వస్తే మనకంటే ముందు సిస్టమ్ కి తెలిసేది, అదే మనల్ని పిలిచి కూర్చోబెట్టేది.

రిలీజ్ మెడికల్ బోర్డు అయిపోయి ట్రంకు పెట్టె పట్టుకుని రైలెక్కిన రోజుతో ఆ పిలుపు ఆగిపోయింది. ముప్ఫై అయిదు, నలభై ఏళ్ళకి బయటికొచ్చేస్తాం మనం, అసలు రోగాలు మొదలయ్యే వయసే అది, సరిగ్గా అప్పుడే మనల్ని ఏటా చూసేవాడు లేకుండా పోయాడు. అప్పట్నించీ నువ్వు వెళ్తేనే, నీ అంతట నువ్వు వెళ్తేనే వైద్యం.

ఈసీహెచ్ఎస్ చెడ్డ స్కీము అని నేను అనట్లేదండి, అలా అన్నానని ఎవరూ వాట్సాప్ లో పెట్టకండి. 2003 ఏప్రిల్ 1న మొదలైంది, అంతకుముందు రిటైరైన జవానుకి పెద్ద జబ్బు చేస్తే చాలామందికి పొలం అమ్మడమే. ఇవాళ బైపాస్ అయినా మోకాలి మార్పిడి అయినా ఎంప్యానెల్ హాస్పిటల్ లో, అంటే స్కీముతో ఒప్పందం ఉన్న ప్రైవేటు హాస్పిటల్ లో, డబ్బు కట్టకుండా చేయించుకుని వచ్చినవాళ్ళు ఈ హాల్లోనే కూర్చున్నారు. హవల్దారు దాకా ఉన్నవాళ్ళు ఇప్పుడు రిటైరవుతుంటే ఒక్కసారి 30 వేలు కట్టాలి, జేసీవోలకి, అంటే నాయబ్ సుబేదారు నుంచి సుబేదార్ మేజర్ దాకా, 67 వేలు, ఆఫీసర్లకి లక్షా 20 వేలు, 1996 కంటే ముందు రిటైరైనవాళ్ళకీ, యుద్ధంలో భర్త పోయిన వీరనారీలకీ అదీ లేదు. భార్యాభర్తలకి జీవితాంతం. ఇంతకంటే మంచి బేరం బయట ఎక్కడా దొరకదు.

కానీ చూడండి, ఈ స్కీము పెద్ద జబ్బు దగ్గర ఎంత బాగా పనిచేస్తుందో చిన్న జబ్బు దగ్గర అంత తడబడుతుంది, అదీ మన కోనసీమ లాంటి చోట. మన రాజోలు వాడు కాకినాడ వెళ్ళాలంటే ఏం చెయ్యాలి? బోడసకుర్రు దగ్గర వైనతేయ దాటాలి, అమలాపురం, ముమ్మిడివరం, ఎదుర్లంక దగ్గర గౌతమి దాటి యానాం, అక్కణ్ణించి కాకినాడ. రాజమండ్రి వెళ్తాను అన్నా గన్నవరం దగ్గర ఒకటి, రావులపాలెం దగ్గర ఒకటి, అక్కడా రెండు ఏర్లే. వంతెనలు ఉన్నాయి, నిజమే, బాలయోగి గారి పేరు మీద యానాం వంతెన వచ్చాక కాకినాడ చాలా దగ్గరైంది, ఇదివరకటి లాగా పంటు కోసం ఎదురుచూడ్డం లేదు. అయినా మోకాళ్ళు అరిగిన 76 ఏళ్ళ మనిషి అంతర్వేది వైపు నుంచి బయల్దేరి ఆటో, బస్సు, మళ్ళీ బస్సు, మళ్ళీ ఆటో, అక్కడ టోకెన్, అక్కడ లైను, ఇదంతా బీపీ మాత్రల కోసం. అవి కూడా మామూలుగా నెలకి సరిపడానే ఇస్తారు కాబట్టి వచ్చే నెల మళ్ళీ ఇదే కవాతు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. షుగరు పేషెంటుని పరగడుపున రక్తం ఇవ్వడానికి రమ్మంటారు. పరగడుపున అంటే ఆయన ఇంట్లో తెల్లారుజామున అయిదింటికి ఏమీ తినకుండా బయల్దేరాలి, ల్యాబ్ లో సూది గుచ్చేసరికి పదో పదిన్నరో, కొంతమంది అలవాటు కొద్దీ మాత్ర మాత్రం వేసుకుని వస్తారు. బస్సులో చెమటలు, ఒణుకు, కళ్ళు తిరగడం. గుండెపోటేమో అని భయపడి దిగిపోయినవాళ్ళున్నారు, అది గుండె కాదండి, షుగరు పడిపోవడం. అందుకే చెప్తున్నాను, దూరం నుంచి వచ్చేవాళ్ళు హెచ్‌బీఏ1సీ అని ఒక టెస్టు ఉంది, మూడు నెలల సరాసరి చెప్తుంది, దానికి పరగడుపు అక్కర్లేదు, తిని వెళ్ళొచ్చు. డాక్టరుని నోరు తెరిచి అడగండి, సార్ నేను ఫలానా ఊరు నుంచి వస్తున్నాను, అది రాయండి అని. జేబులో రెండు బిళ్ళలు పంచదార చాక్లెట్లు పెట్టుకోండి. పరగడుపు టెస్టే కావాలంటే మాత్ర వేసుకోకుండా రావాలా వేసుకుని రావాలా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

ఇక మందుల సంగతి. పాలీక్లినిక్ ఫార్మసీలో కొన్ని మందులు ఉంటాయి, కొన్నింటికి ఎన్ఏ అని రాస్తారు, నాట్ అవైలబుల్. బయట కొనుక్కుని బిల్లు పెట్టుకోవడమో, లోకల్ కెమిస్టు నుంచి వచ్చేదాకా ఆగి మళ్ళీ రావడమో ఆ రూళ్ళు మారుతూ ఉంటాయి. కౌంటర్లో కూర్చున్న పిల్లవాడి తప్పు కాదు అది, వాణ్ణి తిట్టకండి, వాడూ ఏడాది కాంట్రాక్టు మీద ఉన్నవాడే. 2015లో కాగ్ వాళ్ళు ఈ స్కీము మీద ప్రత్యేకంగా ఆడిట్ రిపోర్టు ఇచ్చారు, అందులోనే మందుల కొరత గురించి రాశారు, అంటే ఇది మనం కనిపెట్టిన కంప్లయింటు కాదు. కానీ ఎన్ఏ అన్న రెండక్షరాలు ఊరికి వచ్చేసరికి ఏమవుతాయి? మా వైపు ఒక నాయక్ గారు ఉండేవారు, మూడు మందుల్లో ఒకటి దొరకలేదు, వచ్చే వారం రమ్మన్నారు, వచ్చే వారం మనవరాలి పెళ్ళిచూపులు, ఆ పై వారం వానలు, సర్లే రెండు వేసుకుంటున్నాం కదా అనుకున్నారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పోయింది. అప్పుడు హాస్పిటల్ లో బ్రహ్మాండంగా చూశారండి, ఒక్క రూపాయి తీసుకోలేదు. రోజూ వేసుకునే ఆ ఒక్క మాత్ర టైముకి అంది ఉంటే ఆ హాస్పిటల్ బిల్లు గవర్నమెంటుకీ ఉండేది కాదేమో, ఆయన చెయ్యి ఆయనకి ఉండేదేమో. పక్షవాతం అన్నాను కాబట్టి ఇదొకటి చెప్పాలి, మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా అది మొదలైన నాలుగున్నర గంటల లోపే మామూలుగా రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలరు, అదీ స్కాన్ తీసి చూశాకే, కాబట్టి సరైన హాస్పిటల్ కి ఇంకా ముందే చేరాలి. పొద్దున్న చూద్దాంలే అని పడుకోబెట్టకండి, 108కి కొట్టండి.

మీ పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు కదా, అక్కడి సంగతి కొంచెం చెప్తాను. అక్కడ మాజీ సైనికులకి వీఏ అని వేరే హాస్పిటళ్ళ వ్యవస్థే ఉంది. 2014లో ఫీనిక్స్ అనే ఊళ్ళో గొడవ బయటపడింది, అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి ఆగుతున్న వాళ్ళ పేర్లు అసలు లిస్టులో చూపించకుండా, అంతా టైముకే జరుగుతున్నట్టు రికార్డులు రాశారని. ఆ దెబ్బకి వాళ్ళ మంత్రి, ఆయన స్వయానా ఆర్మీ చీఫ్ గా చేసినాయన, షిన్సెకీ అని, రాజీనామా చేశాడు. తర్వాత చట్టం తెచ్చారు, 30 రోజుల్లో చూడలేకపోయినా, 40 మైళ్ళ కంటే దూరమైనా ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చు అని. 2018లో ఇంకో చట్టం, దాని కింద 2019 జూన్ నుంచి లెక్క ఇంకా బిగించారు, మామూలు డాక్టరు అయితే 20 రోజుల్లో దొరకాలి, కారులో సగటున 30 నిమిషాల లోపు ఉండాలి, లేదంటే బయట డాక్టరుకి చూపించుకో, డబ్బు మేం కడతాం అని. అక్కడంతా స్వర్గం అని కాదండోయ్, ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. కానీ ఒక అంకె రాసిపెట్టారు, ఇన్ని రోజులు, ఇన్ని నిమిషాలు అని, అది దాటితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి.

మరి మన దగ్గర? మన దగ్గర టైము రూలు మనకి బాగా గుర్తున్నది ఒకటే, ఎమర్జెన్సీలో ఎంప్యానెల్ కాని హాస్పిటల్ లో చేరితే 48 గంటల్లో పాలీక్లినిక్ కి చెప్పాలి. అది రోగి మీద ఉన్న రూలు (నవ్వులు). రోగికి డాక్టరు, మందు ఎన్ని రోజుల్లో, ఎన్ని కిలోమీటర్ల లోపు దొరకాలి అన్న బోర్డు మాత్రం ఎక్కడా కట్టరు.

మీరనొచ్చు, పాలీక్లినిక్ లో వెయిటింగ్ లిస్టు లేదు కదా సుబేదార్ సాబ్, పొద్దున్న వెళ్తే మధ్యాహ్నానికి చూసేస్తున్నారు కదా అని. కరెక్టే. అమెరికా వాడి వెయిటింగ్ లిస్టు కంప్యూటర్ లో ఉంటుంది, మనది ఇంట్లో మంచం మీద ఉంటుంది. వెళ్ళలేక, తీసుకెళ్ళేవాళ్ళు లేక, పోయిన నెల వెళ్తే ఎన్ఏ అన్నారని విసుగెత్తి ఆగిపోయినవాళ్ళు ఏ రిజిస్టర్ లోనూ ఉండరు. ఓపీ రిజిస్టర్ లో వచ్చినవాళ్ళ పేరే ఉంటుంది, రానివాడి పేరు రాయడానికి అందులో గడే లేదు. నేను క్లినిక్ లో పనిచేసేటప్పుడు సాయంత్రం రిజిస్టర్ మూసేటప్పుడు ఇవాళ ఇంతమంది అని లెక్క పెట్టేవాళ్ళం, పైకి పంపేవాళ్ళం, చాలా గొప్పగా ఉండేది ఆ అంకె. నెలల తరబడి రాని వాళ్ళ గురించి పైనుంచి ఎవరూ అడిగేవారు కాదు, మాకూ తట్టేది కాదు.

మిలిటరీ మాధవరం మీకు తెలుసు కదా, తాడేపల్లిగూడెం పక్కన, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఇంటికో మనిషిని పంపిన ఊరు. అలాంటి ఊళ్ళ నుంచి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళి వచ్చినవాళ్ళలో పెన్షన్ లేనివాళ్ళు ఉన్నారు, వాళ్ళకి ఈ స్కీములో చేరే అవకాశం ఎప్పుడు ఇచ్చారో తెలుసా, 2019 మార్చిలో. యుద్ధం 1945లో అయిపోయింది, అంటే 74 ఏళ్ళు. ఇచ్చారు, సంతోషం, కానీ అప్పటికి బతికున్నవాళ్ళు తొంభై దాటినవాళ్ళు. ఆలస్యంగా వచ్చిన వైద్యం అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

సరే, ఈ ఖాళీని ఇప్పుడు ఎవరు పూరిస్తున్నారు? మన ఆర్ఎంపీ గారు. నేను ఆయన్ని తిట్టడానికి రాలేదు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే బండేసుకుని పావుగంటలో వస్తాడు, మంచం మీద కూర్చుని ఏం బాబాయ్ అని పలకరిస్తాడు, డబ్బు రేపివ్వమంటాడు. ఎందుకు గెలుస్తున్నాడు అంటే టైముకి వస్తున్నాడు కాబట్టి. కానీ మనకి మోకాళ్ళు, నడుములు, పిట్టూ, ఆ వీపు మూటల బరువులూ మోసి మోసి అరిగిపోయినవి, ఆయన దగ్గర దానికి ఉన్న మందు నొప్పి సూది, నొప్పి మాత్ర. బీపీ మందు వేసుకునేవాడు, అందులోనూ నీరు పోయే మాత్ర కూడా వాడేవాడు, ఈ నొప్పి మాత్రలు వారాల తరబడి మింగితే కిడ్నీ దెబ్బ తినొచ్చు, పైగా బీపీ కూడా అదుపు తప్పొచ్చు. క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తం లెక్క, అది పెరిగిందని తెలిసేది ఎప్పుడు, చాలామందికి కాళ్ళు వాచాక. అప్పుడు మళ్ళీ స్కీము పనిచేస్తుంది, డయాలసిస్ ఫ్రీ. వారానికి రెండు సార్లో మూడు సార్లో జీవితాంతం ఏర్లు దాటడం. కాబట్టి నొప్పికి సూది వేయించుకోకండి అని చెప్తే మీరు వినరు నాకు తెలుసు, కనీసం ఆయనకి మీరు వాడే బీపీ మాత్రల స్ట్రిప్పు చూపించండి, పాలీక్లినిక్ లో డాక్టరుకి ఈ సూదుల సంగతి దాచకండి, ఏడాదికోసారి క్రియాటినిన్ అడిగి చేయించుకోండి.

మనలో రొయ్యల చెరువులు ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అర్ధరాత్రి లేచి టార్చి వేసుకుని చెరువు గట్టు మీదకి వెళ్ళి ఆక్సిజన్ చూస్తాం, ఏరేటర్లు తిరుగుతున్నాయా లేదా చూస్తాం, పీహెచ్ చూపిస్తాం, నీళ్ళ శాంపిల్ ల్యాబ్ కి పంపిస్తాం, రొయ్య మేత తినడం కాస్త తగ్గితే భీమవరం నుంచి టెక్నీషియన్ దిగుతాడు. చెరువుకి చేసినదాంట్లో పదోవంతు మన ఒంటికి చేస్తే చాలండి, నేను ఇంకేం అడగను.

ఇప్పుడు మన చేతిలో ఉన్నవి చెప్తాను, పెద్దపెద్దవి కాదు. బీపీ చూడ్డానికి కాకినాడ అక్కర్లేదు. ఊళ్ళో హెల్త్ క్లినిక్ ఉంది, ఏఎన్ఎం అమ్మాయి ఉంటుంది, 104 బండి వస్తుంది, వాళ్ళ దగ్గర బీపీ మిషనూ షుగరు మిషనూ ఉన్నాయి. మనవాళ్ళకి ఒక బింకం, మేం మిలిటరీ వాళ్ళం, మాకు వేరే కార్డుంది, ఆ లైన్లో మేం నిలబడడమేంటి అని. నిలబడండి సార్, సియాచిన్ లో నిలబడ్డాం. ఒక చిన్న పుస్తకం పెట్టుకుని నెలకి రెండు సార్లు అంకె రాయించుకోండి, పాలీక్లినిక్ కి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం డాక్టరు ముందు పెట్టండి. ప్రయాణం చేసి, మెట్లెక్కి, లైన్లో గొడవపడి కూర్చున్నాక చూసిన ఒక్క బీపీ కంటే ఇంటి దగ్గర చూసిన పది అంకెలు ఆయనకి ఎక్కువ పనికొస్తాయి. ఫోన్ వాడకం తెలిసిన మనవడు ఉంటే సెహత్ ఓపీడీ అని ఉంది, 2021 మేలో రక్షణ శాఖ వాళ్ళు మొదలుపెట్టారు, వీడియోలో మిలిటరీ డాక్టరుతో మాట్లాడొచ్చు, మాజీ సైనికులకీ కుటుంబాలకీ కూడా. చెయ్యి పెట్టి చూడ్డం అందులో అవ్వదు, కానీ రిపోర్టు చదివించుకోవడానికి, వెళ్ళాలా అక్కర్లేదా తేల్చుకోవడానికి బస్సు ఎక్కక్కర్లేదు.

లంకల్లో ఉన్నవాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నాను. ఊడిమూడిలంక వైపు నుంచి వచ్చినవాళ్ళున్నారా? ఆయ్, నమస్కారం అండి. 2022 జులైలో మీరు పడింది మీకే తెలుసు, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది, రోజుల తరబడి పడవే దిక్కు. వరద సాయంలో బియ్యం వస్తాయి, పప్పు వస్తుంది, కొవ్వొత్తులు వస్తాయి, మీ ఇన్సులిన్ రాదు. ఎర్రనీళ్ళు, వరద, ఎక్కువగా వచ్చేది జులై నుంచి సెప్టెంబరు దాకా కదా, జూన్ లో వెళ్ళినప్పుడే డాక్టరుకి చెప్పి కాగితం మీద రాయించుకుని కొంచెం ఎక్కువ మందు చేతిలో ఉంచుకోండి. ఇన్సులిన్ ఉన్నవాళ్ళు కరెంటు పోతే కొత్త మట్టికుండలో తడిగుడ్డ చుట్టి పెట్టుకోవచ్చు, సీసా నీళ్ళలో మునగకూడదు, అంతే.

ఆడవాళ్ళ సంగతి. ఇక్కడ సగం మంది అమ్మలూ వదినలూ ఉన్నారు, ఇంతసేపు నేను మాజీ సైనికుడు మాజీ సైనికుడు అంటున్నాను. ఆయన ఉన్నప్పుడు ఆయనతో పాటు వెళ్ళేవారు, ఆయన పోయాక కార్డు ఎక్కడుందో, సర్వీస్ నంబరేంటో, రికార్డ్ ఆఫీసు ఏ ఊళ్ళోనో తెలియక ఆగిపోయినవాళ్ళు బోల్డుమంది. ఆయన పోతే మీ హక్కు పోదమ్మా, ఫ్యామిలీ పెన్షన్ ఉన్నంతకాలం మీకు వైద్యం ఉంది, కార్డు మాత్రం మీ పేరు మీదకి మార్పించుకోవాలి, జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు వాళ్ళు కాగితాలకి సాయం చేస్తారు. మగవాళ్ళకి కూడా చెప్తున్నాను, బతికుండగానే ఒక కాగితం మీద నంబరు, ర్యాంకు, రెజిమెంటు, పీపీవో అంటే పెన్షన్ ఆర్డరు నంబరు రాసి బీరువా తలుపు లోపల అంటించండి. క్యాంటీన్ కార్డు మాత్రం ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలుసు (నవ్వులు). ఆ రమ్ము గురించి నేను ఎక్కువ మాట్లాడను, కోటా ఉంది కదా అని మొత్తం తాగాలని రూలేం లేదు.

ఇక పైవాళ్ళని అడగాల్సింది. మొదట 227 పాలీక్లినిక్ లు పెట్టారు దేశం మొత్తానికి, 2010లో ఇంకో 199 మంజూరు చేశారు, అందులో కొన్ని వేన్ల మీద తిరిగే మొబైల్ క్లినిక్ లు, కొండ ప్రాంతాలకి అని. కొండ ఒక్కటే అడ్డమా, ఏరు అడ్డం కాదా? నెలలో ఫలానా రెండు రోజులు రాజోల్లో, రెండు రోజులు అమలాపురంలో ఒక డాక్టరు, ఒక ఫార్మసిస్టు, మందుల పెట్టె దిగితే సగం సమస్య తీరిపోతుంది. బిల్డింగు అడగట్లేదు, బిల్డింగు అడిగితే పదేళ్ళు ఫైలు తిరుగుతుంది. దీనికోసం మనం పెట్టే అర్జీలో ఒక్క మాట తప్పకుండా రాయాలి, ఆరు నెలలుగా డాక్టరుని చూడని మాజీ సైనికులు, వితంతువులు ఈ మండలంలో ఇంతమంది అని. ఆ అంకె వాళ్ళ దగ్గర లేదు, మనమే తయారు చెయ్యాలి. సంఘంలో ఊరికొకరు పుస్తకం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళండి, అడగాల్సినవి మూడే, చివరిసారి డాక్టరుని ఎప్పుడు చూశారు, ఏ మందు ఆగిపోయింది, ఎందుకు వెళ్ళలేదు.

ఏవైనా అడగాలంటే అడగండి, భోజనాలు రెడీ అవుతున్నాయి అని అక్కణ్ణించి సైగ చేస్తున్నారు.

(ఒకాయన: 70 ఏళ్ళు దాటినవాళ్ళకి ఆయుష్మాన్ కార్డు 5 లక్షలది ఇస్తున్నారు, అది తీసుకోవచ్చా అని అడిగారు.)

మంచి ప్రశ్న బావగారూ. 2024 అక్టోబరు చివర్లో అది మొదలుపెట్టారు, 70 దాటిన అందరికీ. మనలాంటి వాళ్ళని ఏదో ఒకటి ఎంచుకోమన్నారు, రెండూ కాదు. అది హాస్పిటల్ లో బెడ్డు మీద పడుకుంటేనే పనికొస్తుంది, రోజువారీ ఓపీకీ నెల నెలా మాత్రలకీ కాదు. ఇవాళ మనం మాట్లాడుకున్నదంతా రోజువారీ మాత్ర గురించే కదా. ఎవరో మీ సేవ కుర్రాడు వేలిముద్ర వెయ్యమన్నాడని వేసెయ్యకండి, ఆలోచించుకోండి.

(ఇంకొకరు: మా మనవడు అగ్నివీర్ గా వెళ్ళాడు, వాడికి ఈ కార్డు వస్తుందా?)

నాలుగేళ్ళకి బయటికొచ్చేవాళ్ళకి రాదండి, రెగ్యులర్ గా తీసుకున్నవాళ్ళు సర్వీసు పూర్తి చేస్తే వాళ్ళకి వస్తుంది.

(ఒకావిడ: గుండెల్లో నొప్పి వస్తే ముందు పాలీక్లినిక్ కి వెళ్ళి కాగితం తెచ్చుకోవాలా?)

అక్కర్లేదమ్మా, అస్సలు అక్కర్లేదు, ఈ ఒక్క మాట అందరూ వినండి. ప్రాణం మీదకి వస్తే కాగితం కోసం ఏర్లు దాటకండి, దగ్గర్లో ఉన్న హాస్పిటల్ కి వెళ్ళిపోండి. ఎంప్యానెల్ ది అయితే కార్డు చూపించండి, వాళ్ళే చూసుకుంటారు. కాకపోతే 48 గంటల్లో పాలీక్లినిక్ కి చెప్పించండి, మీరు కాదు, మీ అబ్బాయో కోడలో. ప్రతి బిల్లూ, డిశ్చార్జి కాగితం, రిపోర్టులూ ఒరిజినల్ దాచండి, తర్వాత సీజీహెచ్ఎస్, అంటే కేంద్ర ఉద్యోగుల వైద్యం స్కీము, దాని రేటు ప్రకారం డబ్బు తిరిగొస్తుంది, మీరు కట్టినదంతా రాదు, రేటు ప్రకారమే వస్తుంది, అది తెలిసి ఉండండి.

భోజనాలయ్యాక వెనక గదిలో నేనూ ఇంకో ఇద్దరు పిల్లలూ బీపీ చూస్తాం, పేర్లు రాసుకుంటాం. వచ్చే నెల ఇక్కడే మళ్ళీ కూర్చుందాం, అప్పటికి ఊరికొక పుస్తకం నిండి రావాలి. వచ్చేటప్పుడు ఒక కవర్లో ఇంట్లో ఉన్న మాత్రల స్ట్రిప్పులన్నీ వేసుకుని రండి, పాలీక్లినిక్ లో ఇచ్చినవి, షాపులో అడిగి కొన్నవి, పక్కింటివాళ్ళు బాగా పనిచేసింది అని ఇచ్చినవి కూడా.